పైసలు మంచివే, పాస్‌బుక్కు ఎవరి పేరు మీదుంది?

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

ఈ మధ్య మన వాళ్ల నోటి నుంచే ఒక మాట ఎక్కువగా వింటున్నాం. "గవర్నమెంటు ఊరికే డబ్బులు పంచి రైతులను సోమరులను చేస్తోంది" అని. బెంగళూరులో ఉద్యోగం వచ్చి రెండేళ్లు కాకముందే ఈ మాట అనేవాళ్లు ఉన్నారు. టీవీలో ఎవరో అంటే పోనీ అనుకోవచ్చు. ఎండాకాలం కరువు పనికి పోయి మనకు హాస్టల్ పెట్టె కొనిచ్చిన వాళ్ల ఇండ్లలో పుట్టి మనమే అంటుంటే ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే లెక్కతో మాట్లాడుకుందాం.

గుంతకల్లు చుట్టుపక్కల మూడెకరాల మెట్ట చేను ఉన్న ఒక ఇల్లు అనుకోండి. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు, మన తండాల్లో ఎటు చూసినా కనబడే ఇల్లే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అదీ సరైన టైముకు పడదు. ఆషాఢంలో ఒక పదును వాన పడిందంటే మూడు నాలుగు రోజుల్లో విత్తనం భూమిలో పడాలి. ఆ తర్వాత నేల ఆరిపోతుంది, మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలీదు. అంటే డబ్బు కావాల్సింది ఏడాదంతా కాదు, ఆ మూడు రోజులే. ట్రాక్టరు గొర్రు, విత్తనం, ఎరువు, కూలీలు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఆ మూడు రోజుల్లో చేతిలో డబ్బు లేని వాడు ఏం చేస్తాడు? వ్యాపారి దగ్గరికి పోతాడు. నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో నెల వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి 7,000 తెస్తే ఆరు నెలలకు వడ్డీయే 1,260. ఇది పైకి కనబడే నష్టం. కనబడని నష్టం ఇంకొకటి ఉంది. అప్పిచ్చిన మనిషికే బుడ్డలు తోలాలి. ధర అతను చెప్పిందే, తూకం అతను వేసిందే, తేమ ఉందని కోత పెట్టినా నోరెత్తకూడదు. వడ్డీ కంటే అక్కడ పోయేదే ఎక్కువ.

ఇంకో సంగతి. ప్రభుత్వం కదిరి రకాల బుడ్డల విత్తనం 40 శాతం సబ్సిడీ మీద ఇస్తుంది. వినడానికి బాగుంటుంది. మిగిలిన 60 శాతం రైతు ముందే కట్టాలి కదా! ఆ రోజు చేతిలో పైసా లేని ఇంటికి సబ్సిడీ ఉన్నా లేనట్టే. ఆ ఇంటి పేరు మీద విత్తనం మూటలు ఇంకెవరో ఎత్తుకుపోయి, పాపం అంటూ వెయ్యో పదిహేను వందలో చేతిలో పెట్టడం మన తండాలకు కొత్త కాదు. ఖాతాలో 7,000 ఉంటే ఆ మూట మన ఇంటికే వస్తుంది. సోమరితనం గురించి మాట్లాడే వాళ్లు ముందు ఈ మూట సంగతి తెలుసుకోవాలి.

ఇప్పుడు పథకాల సంగతి. పేర్లు మారుతూ వచ్చాయి, పాస్‌బుక్కు అట్టల మీద బొమ్మలూ మారాయి. మనకు కావాల్సింది ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న మూడు ప్రశ్నలే. కేంద్రం పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. ఏడాదికి 6,000, మూడు విడతలు. అదే ఏడాది అక్టోబర్ 15న రాష్ట్రంలో రైతు భరోసా మొదలైంది, కేంద్రం డబ్బుతో కలిపి 13,500. 2025 ఆగస్టు 2న దర్శిలో అన్నదాత సుఖీభవ మొదలుపెట్టారు, రెండూ కలిపి ఏడాదికి 20,000. తొలి విడతగా 7,000 వేశారు.

ఎంత అన్నది పెరిగింది, సంతోషం. ఎప్పుడు అన్న దగ్గర మాత్రం గట్టిగా అడగాలి. రైతు భరోసాను 2020, 2021, 2022లో మే నెలలో వేశారు. 2023లో జూన్ 1న మన పక్కనే పత్తికొండలో బటన్ నొక్కారు. అది బుడ్డల విత్తనానికి ముందు. ఆగస్టు అయితే మన మెట్టకు ఆలస్యం. కాలువ కింద వరి నాటే జిల్లాలకు సరిపోవచ్చు. మనకు మాత్రం అప్పటికే వ్యాపారి చిట్టాలో పేరు ఎక్కి ఉంటుంది. జూన్ మొదటి వారంలో వచ్చే 7,000, ఆగస్టులో వచ్చే 7,000 కాగితం మీద ఒకటే, చేనులో ఒకటి కాదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, మెట్ట జిల్లాలకు తొలి విడత జూన్ మొదట్లోనే వేయాలని మనం అడగాలి. ఇందులో రాజకీయం ఏమీ లేదు.

తాగుడుకు పోతుంది అంటారు. పోయే ఇంట్లో పోతుంది, జీతం వచ్చే ఇంట్లోనూ పోతుంది. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు చాలా దేశాల్లో నగదు సాయం మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. డబ్బు చేతికిస్తే మందు, పొగాకు ఖర్చు పెరుగుతుందన్న దానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మధ్యప్రదేశ్‌ది. 2011 నుంచి సేవా సంస్థ అక్కడి కొన్ని పల్లెల్లో ఏ షరతూ లేకుండా ప్రతి మనిషికీ నెలనెలా చిన్న మొత్తం ఇచ్చి చూసింది. ఆ పనిలో మన తెలుగాయన శరత్ దావల కూడా ఉన్నారు. అందులో ఒకటి ఆదివాసీ పల్లె. అక్కడ పెద్దవాళ్లకు నెలకు 300, పిల్లలకు 150. ఆ కాస్త డబ్బుతో జనం పని మానేశారా? లేదు. ఇతరుల దగ్గర కూలికి పోయే రోజులు తగ్గించుకుని సొంత చేలల్లో పని పెంచుకున్నారు, మేకలు, కోళ్లు కొనుక్కున్నారు. భూమి ఉండి కూడా పరాయి చేలో కూలికి పోయేది ఎందుకో మన అమ్మానాన్నలను అడగండి, చెప్తారు. సొంత చేను పంట నవంబరులో డబ్బిస్తుంది, కూలి సాయంత్రానికే ఇస్తుంది.

అయితే ఈ డబ్బు వలసను ఆపుతుందని మేము అనడం లేదు. సంక్రాంతి దాటాక మిరప కోతలకు గుంటూరు పోయే కుటుంబం రెండు మూడు నెలల్లో తెచ్చుకునేది ఈ విడతల కంటే చాలా ఎక్కువ. 6,000 పడిందని ఎవరూ మూటాముల్లె దించరు. మేము చూసినంతలో మారేది వేరే. అంతకుముందు ఇల్లంతా తాళం వేసుకుని పోయేది, ఇప్పుడు ఒకరు ఆగుతున్నారు. ముసలవ్వతో పాటు బడికి పోయే పిల్ల ఉండిపోతోంది. ఆ రెండు నెలల బియ్యం, నూనె, గ్యాసు ఖర్చుకు ఈ డబ్బు ఆధారం. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటాయి, మిరప కోతలూ అప్పుడే. ఈ సంగతి మన గ్రూపులో ఉన్న ఆడపిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. తల్లికి వందనం డబ్బు, అంతకుముందు అమ్మ ఒడి డబ్బు, తల్లి ఖాతాలో పడుతుంది. రైతు సాయం పాస్‌బుక్కులో పేరున్న వాళ్లకు పడుతుంది, మన తండాల్లో ఆ పేరు మగవాళ్లదే. కలుపు తీసేది యాడి, బుడ్డలు పీకేది యాడి, వలిచేది యాడి. రైతు మాత్రం బాపు. ఇది ప్రభుత్వం ఒక్కటే చేసిన తప్పు కాదు, మన ఇండ్లలోనూ ఉంది. భూమి పంచేటప్పుడు ఆడబిడ్డ పేరు ఎత్తితే మొహం మాడ్చే పెద్దమనుషులు మనకు తక్కువేం లేరు.

ఇక అసలు విషయానికి వస్తాం. పాడేరు, రంపచోడవరం అన్నల దగ్గర ఐటీడీఏ ఉంది, షెడ్యూల్డ్ ఏరియా చట్టాలున్నాయి, అటవీ హక్కు పట్టాలున్నాయి. మన అనంతపురం జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. 1/70 మనకు వర్తించదు. ఇక్కడ గిరిజన రైతుకు ఉన్న తలుపు ఒకటే, రెవెన్యూ రికార్డు. వెబ్‌ల్యాండ్‌లో పేరుంటే రైతు, లేకపోతే లేదు.

ఆ రికార్డులో ఏముంది? చాలా ఇండ్లలో చనిపోయిన తాత పేరుంది. ఎప్పుడో ఇచ్చిన డీకేటీ పట్టా, తాత పోయి పదిహేనేళ్లు, ముగ్గురు కొడుకులు నోటిమాటతో గట్లు వేసుకుని సేద్యం చేసుకుంటున్నారు. చేనులో తగాదా లేదు కాబట్టి కాగితం అవసరం ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఈ-కేవైసీ అంటున్నారు. పోయిన తాత వచ్చి వేలిముద్ర వేయలేడు కదా. ముగ్గురు అన్నదమ్ములూ ఎవరి భాగం వాళ్ల పేరు మీద ఎక్కించుకుంటే, మిగతా అర్హతలు సరిగా ఉంటే, ఒక్కో కుటుంబానికి 20,000 చొప్పున ఆ గడపకు ఏడాదికి 60,000. ఎక్కించుకోకపోతే సున్నా. తండాలో ఇట్లాంటి ఇండ్లు పది ఉన్నా ఏడాదికి ఆరు లక్షలు.

పీఎం కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్న నిబంధన ఉంది. అది విని "మనకు ఇక రాదులే" అని చాలామంది వదిలేశారు. అదే నిబంధనలో వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఇచ్చారు. ఈ ఒక్క ముక్క తండాల్లో చెప్పేవాళ్లు లేకపోయారు.

గుత్తకు చేసే వాళ్ల పరిస్థితి ఇంకా అధ్వానం. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు 11 నెలలకు ఇస్తారు. దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. యజమాని టౌన్లో ఉంటాడు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయనకు భయం. ఆ భూమి మీద సాయం ఆయన ఖాతాలోనే పడుతోంది. గుత్త డబ్బు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతుకు కూడా 13,500 అని రాశారు, మంచిదే. కార్డు లేనివాడికి ఆ మాట మాటగానే మిగిలింది. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు అయితే కౌలు రైతును లెక్కలోకే తీసుకోలేదు. పైగా ఎకరానికి ఇంత అని పెట్టారు. ఎకరానికి ఏడాదికి 10,000 ఇచ్చిన రోజుల్లో రెండెకరాల మనిషికి 20,000, యాభై ఎకరాల మనిషికి 5 లక్షలు. ఆ లెక్కన కుటుంబానికి ఇంత అన్న మన పద్ధతే చిన్న రైతుకు న్యాయం. ఒడిశా కాలియా పథకం ఇంకో అడుగు ముందుకేసింది. భూమే లేని ఇండ్లకు మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల లాంటి వాటి కోసం 12,500 పెట్టింది. మన ఎరుకల అన్నలకు, భూమి లేని సుగాలి ఇండ్లకు అట్లాంటిది కావాలని మనం ఎందుకు అడగకూడదు?

"డబ్బులు వేశాం కదా, ఇంకేం కావాలి" అనే నాయకులతో కూడా జాగ్రత్త. 20,000తో బోరు పడదు. హంద్రీ-నీవా కాలువ మన పక్క నుంచే పోతుంటే మెట్ట తండాల చేలు ఎండుతూనే ఉన్నాయి. నీళ్లు, హాస్టళ్లు, ఉపాధి పని అడగడం ఆపితే ఈ సాయం మన నోటికి తాళమవుతుంది. రెండూ అడుగుదాం.

చదువుకున్న మనం ఇప్పటికిప్పుడు చేయగల పని మాత్రం కాగితాలదే. వచ్చే సెలవుల్లో ఎవరి తండాలో వాళ్లు ఇంటింటికీ పోయి 1బీ తీసి చూడండి. తాత పేరుందా, సర్వే నంబరు సరిగ్గా ఉందా, విస్తీర్ణం సరిగ్గా ఉందా రాసుకోండి. పేర్లు జాగ్రత్తగా చూడండి. ఆధార్‌లో 'నాయక్' ఉంటుంది, పాస్‌బుక్కులో ఉండదు. ఒకచోట 'బాయి', ఇంకోచోట 'బాయ్'. మన పేర్లు రాసినవాళ్లకు మన భాష రాదు, అందుకే ఈ తిప్పలు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయి ఉండటం వేరు, డబ్బు పడేందుకు ఎన్‌పీసీఐలో మ్యాపింగ్ అయి ఉండటం వేరు. రెండోది లేక డబ్బు తిరిగిపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు. అది బ్యాంకుకు పోయి అడిగి చేయించాలి.

వారసత్వ మార్పుకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం కావాలి. చిక్కంతా రెండో దాని దగ్గరే. మన పెద్దవాళ్లు పోయినప్పుడు పంచాయతీలో రాయించిన ఇండ్లు తక్కువ. ఏడాది దాటితే ఆర్డీఓ ఉత్తర్వు ఉండాలి. అంతకుముందు దానికోసం అనంతపురం బస్సెక్కి కూలి పోగొట్టుకునేవాళ్లు. 2022 ఏప్రిల్‌లో గుంతకల్లు రెవెన్యూ డివిజన్ అయింది, ఇప్పుడు ఆ ఆఫీసు మన టౌన్లోనే ఉంది. అర్జీ రాయడం రాని పెద్దవాళ్ల వెంట ఒక డిగ్రీ పిల్లో, పిల్లోడో పోతే చాలు. ఏ తండాకు ఎవరు పోతారో పేర్లు ఇవ్వండి, అర్జీ నమూనా మేము రాసి పెడతాం.