పాత యొక రోత యగునా?

"పాత యొక రోత, క్రొత్త యొక వింత" యని మనవారి సామెత. ఈ సామెతను తలక్రిందులు చేయు ఉత్సవ మొకటి అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రములోని మాంటెరీ ద్వీపకల్పమునందు ఆగస్టు మాసమున జరుగుచుండును. దాని పేరు పెబుల్ బీచ్ కాంకూర్ డెలిగాన్స్. 1950లో ప్రారంభమైన ఈ పాత కారుల ప్రదర్శనము, లోకములోని అట్టి ప్రదర్శనములలో మిక్కిలి ప్రతిష్ఠ గలదిగా నేడు పేరొందినది. సముద్రపుటొడ్డున గోల్ఫు ఆడు పచ్చిక బయలుపై సుమారు రెండువందల కారులు బారులు తీరి నిలుచును. వానిని చూచుటకు దేశదేశములనుండి దంపతులు చక్కని దుస్తులు ధరించి వచ్చెదరు. తెల్లవారకముందే చేరుకొని, మంచులో ఒక్కొక్క బండియు పచ్చికపైకి వచ్చుట కనులార చూచెదరు. ఇట్లు ఒక దినము గడుపుట వట్టి విలాసమా, లేక చదువులో ఒక భాగమా? ఇదియే మేమిచట విచారింపదలచిన ప్రశ్న.

ముందుగా ఎదుటివారి వాదమును విందము. ఇది ధనవంతుల వేడుక యనియు, లోపలికి పోవు టిక్కెట్టే ఒక్కొక్కరికి కొన్ని వందల డాలర్లు కాగా, ఆలుమగలిద్దరు పోయినచో ఒక చిన్న సంసారపు ఖర్చగుననియు వారందురు. అది నిజమే. ప్రదర్శనమువలన వచ్చు ధనములో కొంత ధర్మకార్యములకు పోవుచున్నదను సమాధానము కలదు గాని, దానితో ఆక్షేపణ పూర్తిగా తీరదు. అయినను, వస్తువు ధనికుని యింట నున్నంత మాత్రమున అది నేర్పు పాఠము ధనికునికే చెందదు.

ఆ పాఠమేమో చూడుడు. తొలి ప్రదర్శనములలో గొప్ప బహుమానము క్రొత్త బండ్లకే దక్కినది. 1955లో ఫిల్ హిల్ అను యువకుడు 1931 నాటి పియర్స్-ఆరో బండిని బాగుచేసి తెచ్చి, ఆ బహుమానము గెలుచుకొనెను. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందటి బండి యొకటి గెలుచుట అదియే ప్రథమము. అతడే 1961లో మోటారు పందెములలో ప్రపంచ విజేత యయ్యెను. అటుపిమ్మట పాతబండ్లను అద్దమువలె మెరయునట్లు బాగుచేయుట ఒక గొప్ప విద్యగా వర్ధిల్లినది. ఆ విద్యకును ఒక హద్దు గలదని 2024లో తేలినది. ఆ యేడు 1934 నాటి బుగాటీ టైప్ 59 స్పోర్ట్స్ బండికి అగ్రబహుమానము లభించెను. అది ఒకప్పుడు బెల్జియము రాజు మూడవ లియోపోల్డునకు చెందినది. దానికి క్రొత్త మెరుగులు దిద్దలేదు. కాలము వేసిన గీతలతోడనే అది నిలిచినది. మార్పు లేకుండ కాపాడబడిన బండి అచట ఆ గౌరవము పొందుట అదియే మొదటిసారి. ముసలితనమును దాచుట కంటె దానిని గౌరవించుట మేలని న్యాయనిర్ణేతలు చెప్పినట్లైనది.

అచటి మరియొక నియమము మాకు మిక్కిలి నచ్చినది. 1998 నుండి, ప్రదర్శనమునకు ముందు గురువారమునాడు ఈ బండ్లు సముద్రతీరపు రహదారులపై దీర్ఘయాత్ర చేయు ఏర్పాటు కలదు. ఒక తరగతిలో రెండు బండ్లకు సమానముగా మార్కులు వచ్చినచో, ఆ యాత్రను పూర్తిచేసినదానికే గెలుపు. అనగా నిలుచున్న అందము కంటె నడచు అందము గొప్పది. నడువని బండి బొమ్మతో సమానము.

ఇక దంపతుల మాట. మోటారు కారుల ముచ్చట మగవారిదనియు, ఆడువారు తోడుగా వచ్చి నీడన కూర్చుండువారనియు కొందరు తలచెదరు. వారు చరిత్రను చదువవలెను. కార్ల్ బెంజ్ 1886లో తన మూడు చక్రముల బండికి పేటెంటు పొందెను గాని, ఆ కార్ఖానా నిలుచుటకు మొదట ఆదుకొన్నది అతని భార్య బెర్తా తెచ్చిన సొమ్ము. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకయే ఇరువురు కుమారులతో ఆ బండి నెక్కి, మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము పోయెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చు సూదితో దానిని శుభ్రపరచెను. ఇంధనము తక్కువ కాగా వీస్లోఖ్ పట్టణములోని మందుల దుకాణములో కొనెను. బ్రేకు చెక్కలరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఆ యాత్రతోనే లోకము ఆ బండిని నమ్మసాగెను. కావున ఇట్టి ప్రదర్శనమున భార్యయు భర్తయు సమానముగా ప్రశ్నలడుగుచు, బండి మూత యెత్తించి చూచుచు, ఒకరికి తెలిసినది మరియొకరికి చెప్పుకొనుచు తిరుగవలెనని మా అభిప్రాయము.

మన దేశమునను ఈ ముచ్చట క్రొత్తది కాదు. స్టేట్స్‌మన్ పత్రికవారి పాత కారుల యాత్ర 1964లోనే ఢిల్లీలో ఆరంభమైనది. 2021లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను నియమములు చేసినది. క్రొత్తగా నమోదు చేయించుటకు రుసుము ఇరువదివేల రూపాయలు. ప్రదర్శనములకు, యాత్రలకు, పరిశోధనకు, మరమ్మతులకు తప్ప, నిత్యము రోడ్లపై తిరుగుటకు వానికి అనుమతి లేదు. పొగ, రద్దీ, ప్రమాదము తలచినపుడు ఈ కట్టుబాటు సమంజసమే.

అయితే ఇట్టి ప్రదర్శనములు జరుపువారికి మేము మూడు మాటలు విన్నవింతుము. మొదటిది: బండ్లను త్రాటి వెనుక నిలుపుటతో సరిపుచ్చక, వీథులలో నడిపి చూపవలెను. ఇంగ్లాండులో 1896 నాటి యాత్రకు జ్ఞాపకముగా, 1905కు ముందు చేసిన బండ్లు నవంబరులో లండను నుండి బ్రైటనుకు పోవునపుడు, దారిపొడుగున బీదవాడును కానియైన ఖర్చులేక చూడగలుగుచున్నాడు. రెండవది: యజమాని పేరుతోబాటు ఇంజను విప్పి కూర్చిన మేస్త్రీ పేరు, రేకు సాగగొట్టినవాని పేరు, సీటు తోలు కుట్టినవాని పేరు బండిప్రక్కన పలకపై వ్రాయవలెను. ఆ చేతులు లేనిదే ఆ మెరుగు లేదు. మూడవది: విద్యార్థులకు ఉచితప్రవేశ మియ్యవలెను. కొలిమి పని, వడ్రంగము, రంగుపని గౌరవమైన విద్యలని బాలురకును బాలికలకును పుస్తకము కంటె ఆ బండియే బాగుగా బోధింపగలదు.

తల్లిదండ్రులారా! సమీప పట్టణమున పాతబండ్ల యాత్ర జరిగినచో మీరిరువురును కలిసి పొండు. బిడ్డలను వెంట తీసికొనిపొండు. బండి వెల యెంతయని అడుగకుడు. ఇది నడచునా, దీనిని నడుపునట్లు చేసినవా రెవరు అని యడుగుడు. ఆ రెండు ప్రశ్నలకు ఉత్తరము దొరికినచో ఆ దినము సార్థకమే. అపుడు పాత రోతయు కాదు, వట్టి వింతయు కాదు. మన చేతికి అప్పగింపబడిన పనియగును.