మందు కంప్యూటర్‌లో ఉంటే చాలదు, చేతికి రావాల!



ఇప్పుడు ఆసుపత్రుల్లో అంతా ఆన్‌లైన్. డాక్టరు కంప్యూటర్‌లో మందు కొడితే, మందులిచ్చే కిటికీ దగ్గర అది కనబడుతుంది. మంచిదే. మందుల పేర్లు చదవగలిగేలా రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది. కోడిగీతల చీటీ పోతే మనకేం బాధ లేదు. మేం అడిగేది ఒక్కటే: ఈ ఆన్‌లైన్ ఎవరిని చూసి తయారుచేసినారు?

2021 సెప్టెంబరు 27న కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతా మొదలుపెట్టింది. మనిషికో 14 అంకెల ఆభా నంబరు. ఏ ఊర్లో చూపించుకున్నా పాత చీటీలు కనబడతాయన్నారు. వాన పడని ఏడు కొత్తచెరువు చుట్టుపక్కల తండాల నుంచి బెంగుళూరు పనులకు పోయే మనకంటే ఇది ఎవరికి ఎక్కువ అవసరం? కానీ ఇంటికి ఉండేది ఒక్క ఫోను. అది బెంగుళూరులో కొడుకు జేబులో ఉంటుంది. ఇక్కడ బీపీ మాత్రలకు లైన్లో నిలబడిన అవ్వను "ఓటీపీ చెప్పు" అంటే ఆమె ఏం చెప్పాల? "సర్వర్ లేదు, రేపు రా" అంటే ఆ రేపటి కూలి, ఆటో చార్జీ ఎవరిస్తారు?

గుర్తుపెట్టుకోండి: ఆభా మన ఇష్టం. బలవంతం కాదు.

చీటీ వచ్చినా కథ అయిపోదు. ఈ-సంజీవనిలో ఎక్కడో ఉన్న డాక్టరు ఫోన్లో చూసి చీటీ పంపుతాడు. అది ఇంగ్లీషులో ఉంటుంది. మన గోర్ బోలికి సొంత లిపే లేదు. 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని అవ్వకు ఎవరు చెప్తారు? కంపెనీ మారి, పోయిన నెల తెల్ల మాత్ర ఈ నెల పసుపు మాత్ర అయితే? రెండూ ఒకే మందని తెలియక రెండూ మింగితే? కంప్యూటర్‌లో మాత్రం "ఇచ్చాం" అని టిక్ పడిపోతుంది.

"మీవోళ్లకు చదువు లేదు, అందుకే ఇబ్బంది" అంటారు. కాదు. చదువు లేని మనిషి కూడా రోగి అవుతాడని మరిచిపోయినోళ్లది తప్పు.

మా డిమాండ్లు:
1. ఓటీపీ రాలేదని, ఆభా లేదని మందు ఆపకూడదు.
2. సర్వర్ పడిపోతే కాగితం చీటీ మీదే మందు ఇయ్యాల.
3. చీటీ ప్రింటు తెలుగులో, పొద్దుకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మలతో ఉండాల.
4. ఎట్లా వేసుకోవాలో మన భాషలో నోటితో చెప్పే మనిషి ఉండాల.

సుగాలి, ఎరుకల, యానాది పిల్లలం ఎవరి ఊర్లో వాళ్లం ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. మందు దొరక్క తిరిగొచ్చినోళ్ల పేరు, తేదీ, చెప్పిన కారణం రాసి, అర్జీగా ఇద్దాం. ఊరికే అడిగితే వినరు, లెక్క చూపిస్తే వినక తప్పదు.