పలకల కోసం తవ్వితే...

ఊరికి ఎదురుగా కొండ. ఆ కొండకో కన్నం. ఏడాదికి రెండుసార్లు, మార్చి నెల మధ్యలోనూ సెప్టెంబరు చివర్లోనూ, సూర్యుడు శిఖరం మీదకి రాకముందే ఆ కన్నంలోంచి తొంగిచూస్తాడు. ఆ వెలుగు దాదాపు ఐదు కిలోమీటర్లు ప్రయాణించి సరిగ్గా ఊరి చర్చి మీద పడుతుంది. అంతా కలిపి రెండు నిమిషాల ముచ్చట! మబ్బు పట్టిందంటే అదీ లేదు. అయినా జనం చలిలో వణుకుతూ ఎదురుచూస్తారు.

ఆ ఊరు ఎల్మ్. స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ రాష్ట్రంలో, సెర్న్ఫ్ లోయ చివర, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న పల్లె. వెయ్యిమంది జనాభా కూడా ఉండదు. 2011లో చుట్టుపక్కల ఊళ్లతో కలిపి దీన్ని గ్లారస్ స్యూడ్ అనే పెద్ద పంచాయతీలో చేర్చేశారు.

కన్నం పేరు మార్టిన్స్‌లోఖ్. మార్టిన్ అనే సాధువు గొర్రెలు కాస్తుంటే ఓ రాక్షసుడు దొంగతనానికి వచ్చాడట. కోపంతో ఆయన విసిరిన ఇనుప పొన్నుకర్ర కొండలోంచి దూసుకుపోయిందట! భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పేదీ ఆ కథకేం తీసిపోదు. ఇక్కడి కొండల్లో పాతికకోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు పైనా, ఐదుకోట్ల ఏళ్లు కూడా నిండని రాళ్లు కిందా ఉంటాయి. రెంటికీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆల్ప్స్ పర్వతాలు పుట్టేటప్పుడు పాత పొర జరిగివచ్చి కొత్త పొర మీదకెక్కింది మరి. 2008లో యునెస్కో ఈ ప్రాంతాన్ని వారసత్వ సంపదగా గుర్తించింది.

కింది పొరల్లోనే దొరికేది పలకరాయి. మన మార్కాపురంలా ఎల్మ్‌కీ పలకలే జీవనాధారం అయ్యాయి. ఐరోపాలో బడులు పెరిగేకొద్దీ పలకలకు గిరాకీ పెరిగింది. 1860ల చివర్లో ఊరి పక్కనే ఉన్న చింగెల్‌బెర్గ్ కొండను తవ్వడం మొదలుపెట్టారు. తవ్వేవాళ్లలో చాలామంది గని పని తెలియని రైతులు. పైన కొండ బరువంతా అలాగే ఉంది, కిందేమో రాయి తీసేస్తున్నారు. దానికి సరైన ఊతం వదల్లేదు. 1881 నాటికి కొండ పాదంలో పెద్ద గాటు పడింది. పైన పగుళ్లు కనిపించాయి. దానికితోడు ఆ వేసవి చివర్లో ఎడతెగని వానలు. రాళ్లు రాలడం మొదలయ్యాక వచ్చి చూసిన అధికారులు పని ఆపమన్నారుగానీ, కొండ వెంటనే కూలుతుందని మాత్రం అనుకోలేదు.

మర్నాడే, సెప్టెంబరు 11 ఆదివారం సాయంత్రం, ఓ ముక్క విరిగిపడింది. జనం గుమిగూడి చూస్తున్నారు. పావుగంట దాటాక మరో ముక్క. ఇంకో నాలుగు నిమిషాలకు... కొండే వచ్చేసింది! కోటి ఘనపు మీటర్ల రాయి నీళ్లలా పారుతూ లోయను ముంచెత్తింది. ఎదురుగా ఉన్న డ్యూనిబెర్గ్ గుట్ట ఎక్కితే క్షేమం అనుకున్నవాళ్లను కూడా వదల్లేదు. ఆ రాళ్ల వరద గుట్ట పైకీ ఎగబాకింది. 114 మంది చనిపోయారు. 83 కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఊరి మధ్యనున్న చర్చి మాత్రం మిగిలింది.

ఆల్బర్ట్ హైమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వచ్చి, బతికి బయటపడ్డవాళ్లను అడిగి, ఏ క్షణాన ఏం జరిగిందో రాసిపెట్టాడు. కూలిన కొండ అంతదూరం ఎలా పారుతుందన్న ప్రశ్నకు ఇవాళ్టికీ శాస్త్రవేత్తలు ఆ రాతల్నే తిరగేస్తారు. 2025 మేలో ఇదే దేశంలోని బ్లాటెన్ గ్రామాన్ని హిమానీనదం, కొండరాళ్లు కలిసి కప్పేశాయి. అప్పటికి తొమ్మిది రోజుల ముందే సుమారు 300 మందిని ఊరు ఖాళీ చేయించేశారు. ఎల్మ్‌కి ఆ అదృష్టం లేకపోయింది.

ఎల్మ్‌లో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. 1799 అక్టోబరులో ఫ్రెంచి సైన్యం వెంటాడుతుంటే రష్యన్ సేనాని సువొరోవ్ పానిక్స్ కనుమ ఎక్కేముందు బస చేసిన ఇల్లు అలాగే ఉంది. పాత చెక్క ఇళ్లను అపురూపంగా కాపాడుకున్నందుకు 1981లో, కొండ కూలిన సరిగ్గా వందేళ్లకు, ఊరికి వాకర్ బహుమతి వచ్చింది. ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు కొట్టిన స్కీయింగ్ తార వ్రేని ష్నైడర్‌దీ ఈ ఊరే. పలకల కర్మాగారం ఇప్పుడు మ్యూజియం. రాళ్లు పరుచుకున్న చోట గడ్డి మొలిచింది. అక్కడక్కడా ఇంటి అంత బండలు, వాటి చుట్టూ మేస్తూ ఆవులు కనిపిస్తాయి.