ఆ సీసా ఎవరిచ్చారు?

మధ్యాహ్నం పని ముగించుకుని ఫోన్ తెరుస్తాం. ఎవరో ఒకావిడ గుత్తివంకాయ కూర చేస్తూ "మా ఇంట్లో ఎప్పుడూ ఈ నూనే వాడతాం" అంటుంది. నెల సరుకుల చీటీలో మనమూ ఆ పేరు రాసేస్తాం. అదే టీవీలో ప్రకటనగా వస్తే ఛానెల్ మార్చేసేవాళ్ళం కదూ!

ఈ కిటుకు పౌరసంబంధాల వాళ్ళకి బాగా తెలుసు. ఒకప్పుడు పి.ఆర్.ఓ. అంటే పత్రికాఫీసులకి ప్రెస్‌నోట్లు పంపి, మర్నాడు నాలుగు లైన్లు వచ్చాయా లేదా అని చూసుకునే మనిషి. వెయ్యడం, మానడం సంపాదకుడి ఇష్టం. 2005లో యూట్యూబ్ వచ్చాక ఆ గడప దాటే పనే లేకుండా పోయింది. కంపెనీ నేరుగా మన చేతిలోకే వచ్చేసింది.

దీనివల్ల మేలు లేదని కాదు. 2009లో అమెరికాలోని ఒక డామినోస్ పిజ్జా దుకాణంలో ఇద్దరు ఉద్యోగులు తిండిని అసహ్యంగా పాడుచేస్తూ తీసిన వీడియో లక్షలమంది చూశారు. కంపెనీ అమెరికా విభాగం అధ్యక్షుడు పాట్రిక్ డోయల్ కూడా అదే యూట్యూబ్‌లోకి వచ్చి క్షమాపణ చెప్పాడు. ఆలస్యమైందన్న విమర్శ వచ్చినా, పరువు పోయిన చోటే సంజాయిషీ ఇచ్చుకునే వీలు దొరికింది.

రెండో వైపూ చూడాలి. 2006లో డవ్ వాళ్ళు 'ఎవల్యూషన్' అని నిమిషం పైచిలుకు వీడియో వదిలారు. మామూలు అమ్మాయి ముఖాన్ని మేకప్‌తో, కంప్యూటర్‌తో మార్చి హోర్డింగ్ ఎలా ఎక్కిస్తారో అందులో చూపించారు. 2007లో కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి అత్యున్నత బహుమతి కూడా వచ్చింది. అయితే ఆ డవ్ యజమాని యూనిలీవరే, మన దేశంలో తెల్లబడితేనే పెళ్ళీ, ఉద్యోగమూ అన్నట్టు ఫెయిర్ అండ్ లవ్లీ అమ్ముతూ వచ్చింది. పేరులోంచి 'ఫెయిర్' తీసెయ్యడానికి 2020 దాకా పట్టింది. బిడ్డను గిల్లి ఊయల ఊపడం అంటే ఇదే మరి!

2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు గానీ, ఉచితంగా వస్తువులు గానీ పుచ్చుకుని ఒక సరుకు గురించి మంచిగా చెప్పేవాళ్ళు ఆ సంగతి వీడియోలోనే, తాము మాట్లాడే భాషలోనే, స్పష్టంగా చెప్పాలి. తప్పుదోవ పట్టిస్తే చట్ట ప్రకారం 10 లక్షలు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు.

ఈ వీడియోలు చేసేవాళ్ళలో మనలాంటి ఇల్లాళ్ళే ఎంతోమంది. వంటింట్లోంచే నాలుగు డబ్బులు సంపాదించుకుంటే సంతోషమే. కష్టానికి ప్రతిఫలం తీసుకోవడం తప్పు కాదు, తీసుకున్నది దాచడం తప్పు. ఎందుకంటే అక్కడ అమ్ముడుపోయేది నూనె ఒక్కటే కాదు, "పక్కింటి పిన్నిగారు చెప్పారు" అన్న నమ్మకం కూడా. అది పోయాక ఏ పి.ఆర్.ఓ. వచ్చి ఎన్ని వీడియోలు తీసినా మన చెవికెక్కవు.

అందుకే ఈసారి చీటీ రాసేముందు ఒక్క క్షణం ఆగి అడుగుదాం: ఆవిడకి ఆ సీసా ఎవరిచ్చారు?