ఒత్తిగిలినా నేరమేనా?

ఏడో నెల దాటాక నిద్ర ఎలాగూ చెడుతుంది. పెరిగిన గర్భసంచి మూత్రాశయాన్ని నొక్కుతుంది, మాటిమాటికీ లేవాలి. పడుకుంటే గుండెల్లో మంట. ఇవి చాలవన్నట్టు మన ఇళ్లలో ఒక కట్టడి: ఆ పక్క నుంచి ఈ పక్కకు తిరగాలంటే లేచి కూర్చుని, తర్వాతే పడుకోవాలి. పడుకునే పొర్లితే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందట.

తల్లి పొర్లినందుకు బొడ్డుతాడు చుట్టుకోదు. ఉమ్మనీటిలో తేలే బిడ్డ తన కదలికలతోనే చుట్టుకుంటుంది, చాలాసార్లు తనే విడిపించుకుంటుంది. నెలలు నిండి పుట్టే నలుగురైదుగురిలో ఒకరికి మెడలో పేగు ఉంటుంది; వాళ్లలో ఎక్కువమంది క్షేమంగానే పుడతారు. అయినా అలా పుట్టిన బిడ్డ మేనమామకు గండమంటారు, అతను ముందు నూనెలో బిడ్డ ముఖం చూడాలంటారు. అంటే నిద్రలో ఒత్తిగిలిన పాపానికి ఆ తల్లి బిడ్డకే కాదు, తోడబుట్టినవాడికీ కీడు చేసినట్టు! నిండు చూలాలు ఈ భయంతో అర్ధరాత్రి నడుం పట్టుకుని లేచి కూర్చోవడం తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆమెకు చెప్పాల్సిన జాగ్రత్త వేరే ఉంది. 28 వారాలు నిండాక వెల్లకిలా నిద్రపోకూడదు. గర్భసంచి బరువుకు వెన్ను పక్కనున్న పెద్ద సిర నొక్కుకుపోయి బిడ్డకు రక్తం తగ్గుతుంది. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే పక్కకు తిరిగితే చాలు. లేచి కూర్చోనక్కర్లేదు.

ఇక కాళ్లు. మంచమెక్కగానే పిక్కల్లో ఏదో పాకినట్టు, లాగినట్టు ఉంటుంది. కదిపితే తప్ప ఊరట ఉండదు. గాలి సోకిందని తాయెత్తు కడతారు. వైద్యులు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇనుము లోపానికీ దీనికీ సంబంధం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలేమో, బిడ్డ నల్లగా పుడుతుందన్న మాట విని పక్కన పెట్టేస్తారు. గర్భంతో వచ్చిన ఈ బాధ సాధారణంగా కాన్పయ్యాక కొద్ది వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పేరు మాత్రం తాయెత్తుకు వస్తుంది. మరుసటి కోడలికీ అదే కడతారు.

ఒక్క సంగతిలో మాత్రం దిష్టి తీస్తూ కూర్చోవద్దని బతిమాలుతున్నాను. చివరి నెలల్లో దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురదపెట్టి రాత్రంతా నిద్ర పట్టకపోతే, అది పైత్యరసం సరిగా పారక కాలేయంలో వచ్చిన ఇబ్బంది కావచ్చు. బిడ్డ ప్రాణానికి ముప్పు రావచ్చు. రక్తపరీక్షతో తెలుస్తుంది, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి.