ఇంటిపట్టున: చేపకు ఊపిరాడాలి

పోయిన నెల మన సంఘం సమావేశంలో, భోజనాల వరుసలో నిలబడి ఉండగా ఒక సోదరి అడిగారు. "సెలవులు ఇవ్వగానే పిల్లలతో ఇండియా వెళుతున్నామండీ. మా పాపకు రెండు గోల్డ్‌ఫిష్‌లున్నాయి. పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నారు. ఎండలు ముదిరితే ఏం చెయ్యమని వాళ్ళకు చెప్పాలి?" ఈ శీర్షికలో గోంగూర కుండీల గురించి రాశాను, చలికి గడ్డకట్టే పైపుల గురించి రాశాను. చేపల జోలికి మాత్రం పోలేదు. దానికో కారణం ఉంది. ముందు అది చెప్పేస్తాను.

2022 జూలై 19, మంగళవారం. లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదయింది. ఈ దేశంలో ఎండ 40 దాటడం అదే మొదటిసారి. అంతకుముందు రికార్డు 2019 జూలై 25న కేంబ్రిడ్జిలో 38.7. ఆస్పత్రిలో అందరూ హడలిపోతుంటే నేను నవ్వుకున్నాను. రెంటచింతల ఎండలు ఎరిగినవాణ్ణి, నలభై నాకో లెక్కా అనుకున్నాను. కాని అక్కడి ఇల్లు వేరు, ఇక్కడి ఇల్లు వేరు. ఇక్కడి ఇళ్ళు చలికి భయపడి కట్టినవి. ఒకసారి లోపలికి వచ్చిన వేడిని ఓ పట్టాన వదలవు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఎయిర్‌కండిషనర్ లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, కిటికీ పక్కనున్న 20 లీటర్ల తొట్టిలో నీళ్ళు 30 డిగ్రీలున్నాయి. మా చిన్నవాడి గోల్డ్‌ఫిష్ నీటి అంచుకు వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. "నాన్నా, చిట్టికి దాహమేస్తోంది, నీళ్ళు తాగుతోంది" అన్నాడు వాడు. నేను పెద్ద తెలివిగా ఫ్రిజ్‌లో ఉన్న ఐసుముక్కలన్నీ తెచ్చి తొట్టిలో పోశాను. నాలుగు జగ్గుల నీళ్ళు తోడేసి, కుళాయి నుంచి నాలుగు జగ్గుల చన్నీళ్ళు పట్టి పోశాను. పావుగంటలో 30 నుంచి 23కి దిగింది. సంతోషించి పడుకున్నాను. తెల్లవారేసరికి చిట్టి లేదు.

నేను మత్తు డాక్టర్ని. బల్లమీద పడుకున్న మనిషికి ఆక్సిజన్ అందుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం. చేప నీళ్ళు తాగడం లేదు, ఊపిరందక అల్లాడుతోంది అన్న సంగతి నాకే తట్టలేదు. వాడు "నువ్వు డాక్టరువి కదా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 15 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 20 దగ్గర 9, 25 దగ్గర 8.3, 30 దగ్గర ఏడున్నర. మనం పీల్చే గాలిలో ఇంతకు ముప్ఫై రెట్లకు పైగా ఉంటుంది. అంటే చేప మామూలు రోజుల్లోనే పొదుపుగా బతుకుతోంది. పైగా దానిది చన్నెత్తురు శరీరం, నీరెంత వేడో ఒళ్ళూ అంత వేడి. పది డిగ్రీలు పెరిగితే దాని ఆక్సిజన్ అవసరం దాదాపు రెట్టింపవుతుంది. రాబడి తగ్గి ఖర్చు రెట్టింపయిన సంసారం ఎలా నడుస్తుంది? ఎండాకాలం చేపకు మొదట వచ్చే కష్టం అదే. అంచేత నీటిని చల్లబరచడం రెండో పని. ఊపిరి అందించడం మొదటి పని.

ఇది మన భీమవరం, కైకలూరు ప్రాంతాల చేపల రైతులకు తెలిసిన విషయమే. చెరువులో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయంటే రైతు గుండె జారిపోతుంది. రాత్రిళ్ళు చెరువుల్లో ఏరేటర్లు తిప్పేది అందుకే. మన గాజుతొట్టి కూడా ఒక చిన్న చెరువే. అందులో మొక్కలుంటే ప్రమాదం మధ్యాహ్నం కన్నా తెల్లవారుజామున ఎక్కువ. పగలంతా గాలిపంపు నడిపి, చప్పుడవుతోందని పడుకునేముందు ఆపేయకండి.

ఇక చెయ్యవలసినవి వరసగా చెబుతాను.

మొదటిది, నీటి పైభాగం కదలాలి. గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి దిగేది ఆ పైపొర గుండానే. ఫిల్టరు మూతిని పైకి జరిపి నీరు అలలు కొట్టేలా పెట్టండి. నీటిమట్టం ఒక అంగుళం తగ్గిస్తే పడే నీరు ఇంకా బాగా చిలుకుతుంది. గాలిపంపు ఉంటే మరీ మంచిది. బుడగలు చేసే మేలు కూడా చాలావరకు పైపొరను కదపడమే. కరెంటు పోతే జగ్గుతో తొట్టిలో నీళ్ళే ముంచి జానెడు ఎత్తునుంచి మళ్ళీ పోస్తూ ఉండండి. మోటారు వేడెక్కుతోందని ఫిల్టరు ఆపకండి. చేపల మలినంలోని అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు దానిలోనే ఉంటాయి. వాటికీ గాలి కావాలి. గుండ్రటి గాజు గోళం ఉన్నవారు దాన్ని గొంతుదాకా నింపకండి. సగానికి నింపితే పైపొర వెడల్పవుతుంది. అసలు గోల్డ్‌ఫిష్‌కు గోళం గాని, మా 20 లీటర్ల తొట్టి గాని చాలవు. కొద్ది నీళ్ళు త్వరగా కాగిపోతాయి.

రెండోది, వేడిని లోపలికి రానివ్వకండి. ఎండ రాకముందే ఆ వైపు కర్టెన్లు వేసెయ్యండి. తొట్టిమీది లైటు ఆపండి. కన్సర్వేటరీలో తొట్టి ఉంటే జూన్ రాకముందే మార్చండి. నిండు తొట్టిని మోసి నడుము విరగ్గొట్టుకోకండి, నీళ్ళు తోడి మార్చండి.

మూడోది, నెమ్మదిగా చల్లబరచండి. మనమంతా కూజా నీళ్ళు తాగి పెరిగినవాళ్ళమే. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. తొట్టి మూత తీసి, చేప ఎగిరి బయట పడకుండా వలగుడ్డ కట్టి, చిన్న ఫ్యాన్ గాలి నీటిమీదుగా పోయేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉక్కపోత రోజున అంత ఫలితం ఉండదు. అప్పుడు ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, బిరడా బిగించి, తొట్టిలో తేలవెయ్యండి. థర్మామీటరు చూస్తూ ఉండండి. గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి దిగకూడదు. అంతకన్నా త్వరగా దిగితే సీసా తీసెయ్యండి. నేను చేసినట్టు ఐసు నేరుగా పోయకండి.

నాలుగోది, కుళాయి నీళ్ళు. వాటిలో క్లోరిన్ ఉంటుంది, కొన్ని ఊళ్ళలో క్లోరమైన్ కలుపుతారు. మనకేమీ కాదు గాని చేప మొప్పలను దెబ్బతీస్తుంది. రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ పోవచ్చు, క్లోరమైన్ పోదు. అంచేత చేపల దుకాణంలో దొరికే నీటి మందు కలిపే పోయండి. ఆవిరైపోయిన మేర నింపేటప్పుడు కూడా ఇదే నియమం.

అయిదోది, తిండి తగ్గించండి. తిన్నది అరగడానికి ఆక్సిజన్ కావాలి. మిగిలింది కుళ్ళడానికీ ఆక్సిజన్ కావాలి. కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. నీరు వేడెక్కినకొద్దీ దాని విషం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్‌కు కొన్నాళ్ళు మేత లేకపోయినా ప్రమాదం లేదు. అతిథికి కొసరి కొసరి వడ్డించడం మన మర్యాదే గాని చేప దగ్గర పనికిరాదు.

ఒక్క మినహాయింపు. గౌరామి, ఫైటర్ చేపలు పైకి వచ్చి గాలి మింగితే కంగారు పడకండి. వాటికి నేరుగా గాలి పీల్చే అవయవం ఉంది. మన కొరమీను బజారులో కాసిని నీళ్ళల్లోనే ప్రాణంతో ఉండేది కూడా గాలి పీల్చగలదు గనకే. గోల్డ్‌ఫిష్, నియాన్, గప్పీలు పైకి చేరి నోళ్ళు తెరిస్తే, మొప్పలు గబగబా కొట్టుకుంటే, అది ఆపద.

ఇక ఆ సోదరి అడిగిన ప్రశ్న. పక్కింటివారి చేతికి ఒక కాగితం ఇవ్వండి. అందులో అయిదే మాటలు: పొద్దున్నే కర్టెన్లు వెయ్యండి, పంపు, ఫిల్టరు ఆపకండి, నీళ్ళు 26 దాటితే ఫ్యాన్ పెట్టండి, చేప నోరు తెరిస్తే జగ్గుతో నీళ్ళు చిలకండి, ఐసు వెయ్యకండి. మేత డబ్బా వారికివ్వకండి. ఏ రోజుది ఆ రోజుకు చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి తేదీలు రాసివ్వండి. ప్రయాణానికి వారం ముందు వారిని పిలిచి, ఒకసారి వారి చేత్తోనే అన్నీ చేయించండి. అవసరమైన రోజున వెతుక్కోకుండా ఫ్యాన్, నీటి మందు, థర్మామీటరు తొట్టి పక్కనే ఉంచండి.

ఎండలు ఒక్క ఏడాదితో పోయేవి కావు. 1884 నుంచి ఉన్న లెక్కల్లో 2025 వేసవి బ్రిటన్‌కు అన్నిటికన్నా వేడి వేసవి. మా ఇంట్లో ఇప్పుడు పెద్ద తొట్టి ఉంది, కిటికీకి దూరంగా. మా చిన్నవాడు బడినుంచి రాగానే ముందు చేపల నోళ్ళు చూసి, తరువాత థర్మామీటరు చూస్తాడు. ఆ వరస వాడికి నేను నేర్పలేదు, చిట్టి నేర్పింది.

వచ్చే నెల కరివేపాకు మొక్క సంగతి.