బోర్డు మీద ఖాళీ - మనకు మాత్రం లేదు!

కడపలో బాడుగ ఇంటికి తిరిగిన మనవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఎర్రముక్కపల్లిలోనో శంకరాపురంలోనో గేటుకు బోర్డు వేలాడుతుంటుంది. ఇల్లు నచ్చుతుంది, బాడుగ కుదురుతుంది, అడ్వాన్సు మాట అయిపోతుంది. అప్పుడు చల్లగా ఒక ప్రశ్న వస్తుంది: "ఇంతకీ మీరేమోళ్ళు సార్?"

జవాబు చెప్తే చాలు, ఇల్లుగలాయనకు కువైట్‌లో ఉన్న తమ్ముడు గుర్తుకొస్తాడు. "వాడొస్తన్నాడు సార్, ఇల్లు వానికే కావాల." నెల తర్వాత పోయి చూడండి. బోర్డు అట్లనే ఉంటుంది. ఆ తమ్ముడు ఇంకా విమానం దిగలేదు!

మాకు తెలిసిన ఒక నర్సమ్మ ఇట్లా ఏడిండ్లు తిరిగింది. చివరికి ఊరి బయట, బస్సు పోని వెంచర్లో ఇల్లు దొరికింది. బాడుగ వెయ్యి రూపాయలు తక్కువే. కానీ రాత్రి డ్యూటీకి ఆటో రాదు. అప్పు చేసి స్కూటీ కొనింది. కంతులు, పెట్రోలు లెక్కేస్తే ఆ వెయ్యి ఎక్కడ మిగిలింది? వాడను ఊరికి దూరంగా పెట్టిన బుద్ధే ఈరోజు మనల్ని వెంచర్ల చివరికి తరుముతోంది.

1917లో కొలంబియా చదువు చదివి బరోడా కొలువుకు వచ్చిన అంబేడ్కర్‌కే తలదాచుకోను చోటు దొరకలేదు. పార్శీ పేరుతో పార్శీల సత్రంలో దిగితే పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. వందేళ్ళు దాటినా కర్ర పోయింది గానీ ప్రశ్న పోలేదు. ఢిల్లీ పరిసరాల్లో ఫోన్లో ఇండ్లు అడిగి చూసిన సుఖదేవ్ థోరట్ బృందం 2015లో ఏం తేల్చింది? అగ్రకులం పేరు చెప్పినవాళ్ళను ఒక్కరినీ కాదనలేదు. దళితుల్లో నూటికి 18 మందికి, ముస్లింలలో 31 మందికి ముఖం మీదే తలుపేశారు.

చట్టం లేదా? ఉంది. అంటరానితనం పాటించి ఏ పేటలోనైనా నివాసానికి అడ్డుపడితే నేరమని 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 500 రూపాయలకు మించని జరిమానా! అయితే "తమ్ముడొస్తన్నాడు" అనే మాటను కోర్టులో అంటరానితనమని రుజువు చేసేదెట్లా? 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు వద్దన్నది. కులం అడగొద్దని మాత్రం అనలేదు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. మేమూ ఒకప్పుడు కులం దాచి బాడుగకున్నాం. బాబాసాహెబ్ పటాన్ని రెండేండ్లు ట్రంకుపెట్టెలో పెట్టినాం. ఇంటికొచ్చిన అమ్మను గట్టిగా మాట్లాడొద్దన్నాం. కాబట్టి పేరు దాచుకునేవాళ్ళను మేం తప్పుపట్టం. పిల్లలతో రోడ్డు మీద నిలబడినప్పుడు అబద్ధమే ఇంటి తాళంచెవి.

అయితే ఇండ్లు కట్టుకున్న మన ఉద్యోగ సోదరులారా, మీరు చేస్తున్నదేంది? "మనోళ్ళకిస్తే మన కులం బయటపడుతుంది" అని మీరే గేటు మూస్తే ఎట్లా? మాల ఇంట్లో మాదిగకు, మాదిగ ఇంట్లో మాలకు చోటు లేకుంటే బయటివాణ్ణి అడిగే నోరు మనకెక్కడిది?

ఇకమీదట ఇల్లు చూడను ఒంటరిగా పోవద్దు. ఇద్దరిని సాక్ష్యంగా తీసుకుపోండి. కులం అడిగి కాదంటే కాగితం మీద పెట్టి ఫిర్యాదు చేద్దాం. చట్టంలో కులం అడగడమే నేరం కావాలని కొట్లాడదాం. అన్నిటికంటే ముందు మన మేడల మీది గదుల తలుపులు తెరుద్దాం. ఆ నేల మీది కడప బండను గనిలో కొట్టింది, ఇంటిదాకా మోసింది మనవాళ్ళే కదా!

జై భీమ్!